కస్టడీ విషయంలో బిడ్డ మేలు ఎందులో ఉందో తేల్చుకోవడం ఎలా

ఫ్యామిలీ కోర్టు కేసుల్లో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. కస్టడీ కోసం వచ్చే తల్లులూ తండ్రులూ దాదాపు అందరూ ఒకేలా మొదలుపెడతారు. ఎదుటి మనిషి ఎంత చెడ్డదో, ఎంత చెడ్డవాడో చెప్తారు. అరగంట గడిచినా బిడ్డ ఊసే రాదు. అప్పుడు నేను ఆపి ఒక మాట అడుగుతాను. “పాపను ఈ రాత్రే మీకు అప్పగించారనుకోండి. రేపు పొద్దున ఎవరు లేపుతారు? జడ ఎవరు వేస్తారు? బడి దగ్గర ఎవరు దింపుతారు? సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారు? జ్వరమొస్తే ఆఫీసుకు సెలవు పెట్టేది ఎవరు?” తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. బిడ్డ మేలు ఎక్కడుందో వెతకాల్సింది మాత్రం ఈ జవాబుల్లోనే. ఎవరు మంచివాళ్లు, ఎవరిది న్యాయం అన్న లెక్క వేరు. ఈ బిడ్డ రోజు ఎవరి చేతుల్లో సాఫీగా గడుస్తుందన్న లెక్క వేరు.

విడిపోతున్న తల్లిదండ్రులకూ, మధ్యలో కూర్చుని సర్దిచెప్పే పెద్దలకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. కోర్టు దాకా వెళ్లినా, బయటే రాజీ పడినా చూడాల్సినవి ఇవే.

చట్టం గురించి క్లుప్తంగా చెప్తాను. పిల్లల కస్టడీకి మన దగ్గర మూలం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. కోర్టు బిడ్డ వయసు, ఆడపిల్లా మగపిల్లాడా, మతం, గార్డియన్‌గా ఉంటానన్నవారి నడత, సమర్థత, బిడ్డతో వాళ్లకున్న బంధుత్వం, అంతకుముందు నుంచీ ఉన్న సంబంధం చూడాలని అందులోని 17వ సెక్షన్ చెబుతుంది. బిడ్డ తెలిసి ఇష్టం చెప్పగల వయసులో ఉంటే ఆ ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది మైనర్ సంక్షేమమే. అదే చట్టం ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. ముస్లిం కుటుంబాల్లో వాళ్ల పర్సనల్ లా, క్రైస్తవుల్లో 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తాయి. ఏ చట్టం కింద వచ్చినా కోర్టు చివరికి ఆగేది బిడ్డ సంక్షేమం దగ్గరే. “తండ్రిని కాబట్టి నాకు హక్కుంది”, “తల్లిని కాబట్టి నాకే ఇస్తారు” అన్న ధీమాతో రావద్దని అందరికీ చెప్తుంటాను.

ముందు ఒక వారం రాయండి

కొత్త నోట్‌బుక్ ఒకటి తీసుకుని గడిచిన వారంలో బిడ్డ రోజు ఎలా నడిచిందో రాయండి. ఎలా ఉండాలనుకుంటున్నారో వద్దు, నిజంగా ఎలా నడిచిందో రాయండి. ఎన్నింటికి లేచింది, టిఫిన్ ఎవరు పెట్టారు, స్కూల్ డైరీలో సంతకం ఎవరు చేశారు, హోంవర్క్ దగ్గర ఎవరు కూర్చున్నారు, రాత్రి ఎవరి పక్కన పడుకుంది. స్కూలువాళ్లు ఏదైనా ఉంటే ముందు ఎవరి నంబరుకు ఫోన్ చేస్తారు? టీకాల కార్డు ఎవరి దగ్గరుంది? కిందటిసారి పంటినొప్పి వచ్చినప్పుడు డాక్టర్ దగ్గరకు ఎవరు తీసుకెళ్లారు? పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ఎవరు వెళ్లారు? ఇద్దరూ విడివిడిగా రాస్తే ఇంకా మంచిది. రెండు నోట్‌బుక్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే వాదన సగం తగ్గిపోతుంది. తాను చేస్తున్నాననుకున్న పని ఇన్నాళ్లూ అమ్మమ్మో నాయనమ్మో పనమ్మాయో చేస్తోందని చాలామందికి అక్కడే తెలుస్తుంది.

ఒక బాబు కేసు చెప్తాను. ఏడేళ్లు, ఉబ్బసం ఉంది. తల్లిది మంచి జీతం, సొంత ఫ్లాట్. తండ్రిది నైట్ షిఫ్ట్, అద్దె ఇల్లు. పిటిషన్, దానికి జవాబుగా వేసిన కౌంటర్ రెండింటి నిండా ఒకరి నడత మీద ఒకరి ఆరోపణలే. మాట్లాడుతుంటే తండ్రి చొక్కా జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీశాడు. ఏ రోజు దగ్గు ఎక్కువైంది, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు కొట్టాల్సి వచ్చింది, డబ్బా వెనక కౌంటర్‌లో ఇంకా ఎన్ని డోసులు మిగిలాయి, అన్నీ తేదీలతో రాసి ఉన్నాయి. మధ్యాహ్నం బడి నుంచి తెచ్చుకునేదీ, ఆటకు పంపే ముందు మందు వేసేదీ ఆయనే. తల్లికి ఆ మందు టైములు తెలియవు. ఆమె ఇంటికి చేరేసరికి ఎనిమిదవుతుంది. అయితే తండ్రి షిఫ్టుకు వెళ్లాక రాత్రంతా బాబు నాయనమ్మ దగ్గర ఉండాలి. ఆవిడకు చూపు తక్కువ, డబ్బా మీద అక్షరాలు చదవలేదు. ఉబ్బసం ఎక్కువగా తిరగబెట్టేది రాత్రిళ్లు.

ఇప్పుడు ఎవరికివ్వాలి? జీతం చూస్తే ఒక జవాబు, ఆ పుస్తకం చూస్తే ఇంకో జవాబు. బాబు రోజును గంటల వారీగా విడదీసి చూస్తే మూడో దారి కనిపించింది. రాత్రి పడక తల్లి దగ్గర, బడి వదిలినప్పటి నుంచి తల్లి వచ్చే దాకా తండ్రి దగ్గర. మందుల పుస్తకం బాబు బ్యాగులోనే ఉండాలి, ఇద్దరూ అందులోనే రాయాలి. తండ్రి పక్కన కూర్చుని తల్లికి స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో) ఇన్‌హేలర్ ఎలా వాడాలో చూపించాడు. ఆ తర్వాత నడతల గురించి ఇద్దరూ ఎక్కువ మాట్లాడలేదు.

డబ్బు గురించి

ఎక్కువ సంపాదించేవాళ్లకే బిడ్డను ఇస్తారన్న భయం తల్లుల్లో బాగా పాతుకుపోయింది. ఆ భయంతోనే కేసు వేయకుండా ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. సంపాదన ఒక్కటే చూసి కస్టడీ తేల్చకూడదని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో స్పష్టంగా చెప్పింది. బిడ్డ ఒకరి దగ్గర ఉంటే ఖర్చు ఇంకొకరు పెట్టుకోవచ్చు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కస్టడీతో పాటు పోషణ, చదువు ఖర్చులకూ కోర్టు ఉత్తర్వులిస్తుంది. కేసు నడుస్తుండగా పోషణ, చదువుల కోసం వేసిన దరఖాస్తును ఎదుటివారికి నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని కూడా అందులో ఉంది. ఆచరణలో వాయిదాలు పడతాయి. అందుకే ఆ దరఖాస్తు మొదట్లోనే వేయించమని లాయరుగారిని అడగండి.

పెద్ద ఇల్లు, ఏసీ గది, ఇంటర్నేషనల్ స్కూలు చూపించి ఫొటోలు తెచ్చేవాళ్లుంటారు. నేను ఫొటోల్లో చదువుకునే చోటు, పడక చూస్తాను. ఆ పడక పక్కన పడుకునేది ఎవరని అడుగుతాను.

భద్రత విషయంలో రాజీ లేదు

మిగతావన్నీ ఒకదానితో ఒకటి తూచి చూసేవి. ఇది తూచేది కాదు. ఇంట్లో కొట్టడం, తాగి వచ్చి గొడవ చేయడం, బిడ్డ ఒంటి మీద ఎవరైనా తప్పుగా చెయ్యి వేయడం ఉంటే మొదట ఆ సంగతే తేలాలి. బిడ్డను కొట్టలేదు, భార్యనే కొట్టాడు అంటారు కొందరు. తల్లిని కొడుతుంటే చూస్తూ పెరిగిన బిడ్డకు దెబ్బ తగలనట్టు ఎలా అవుతుంది? పడక తడపడం, అకస్మాత్తుగా మాట తగ్గిపోవడం, ఎవరైనా గట్టిగా మాట్లాడితే మూలకు వెళ్లి కూర్చోవడం, ఇలాంటివి కనిపిస్తే తేదీతో రాసిపెట్టండి. పిల్లల డాక్టర్‌కు చూపించండి. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు తాత్కాలిక కస్టడీ ఇవ్వవచ్చు. ఎదుటివారు వచ్చి చూడటం బిడ్డకు హాని అనిపిస్తే దాన్ని నిరాకరించవచ్చు కూడా. లైంగిక వేధింపు అనుమానం ఉంటే, పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కేసు గెలవడానికి ఇలాంటి ఆరోపణ కల్పించి చేస్తే ఆ బిడ్డ పోలీసులకు, డాక్టర్లకు, మేజిస్ట్రేటుకు జరగనిది జరిగినట్టు మళ్లీమళ్లీ చెప్పాల్సి వస్తుంది. బిడ్డకు అంతకంటే పెద్ద హాని మీ చేతులతో మీరు చేయలేరు.

బిడ్డను ఎలా అడగాలి

“అమ్మ కావాలా, నాన్న కావాలా?” ఈ ప్రశ్న ఎవరూ అడగవద్దు. బంధువుల మధ్య నిలబెట్టి అసలే అడగవద్దు. ఏ జవాబు చెప్పినా ఒకరిని వదులుకున్నట్టే అవుతుందని నాలుగేళ్ల బిడ్డకు కూడా తెలుసు. ఆ బరువు చాలా ఏళ్లు మోస్తారు.

నేను తెల్లకాగితం, రంగులు ఇచ్చి ఇల్లు గీయమంటాను. ఎవరు ఎక్కడ పడుకుంటారో చూపించమంటాను. తర్వాత ఇలా సాగుతుంది: రాత్రి పీడకల వస్తే ఎవరిని లేపుతావు? బడిలో ఎవరైనా కొడితే ముందు ఎవరితో చెప్తావు? ఇంట్లో నీకు భయమేసే చోటు ఉందా? ఆదివారం నీకు నచ్చినట్టు ఉండమంటే ఏం చేస్తావు? ఒక పాప, ఆరేళ్లది, కుర్చీలో కూర్చోగానే “నాన్న మమ్మల్ని మానసికంగా వేధిస్తున్నారు” అంది. అది ఆరేళ్ల పాప మాట కాదు. నేను ఖండించలేదు, మెచ్చుకోలేదు. బొమ్మ వేయమన్నాను. తండ్రి ఇల్లు గీస్తూ, రాత్రి నిద్రపోయేదాకా బాత్రూమ్ లైటు నాన్న వేసే ఉంచుతాడని చెప్పింది. చీకటంటే భయమట. తల్లి ఇంట్లో కూడా లైటు ఉంచుతారా అని అడిగితే, అక్కడ అమ్మ పక్కనే పడుకుంటుంది కాబట్టి అక్కర్లేదంది. ఇద్దరి మీదా దానికి నమ్మకముందని నాకు ఆ రెండు మాటలతో అర్థమైంది.

నేర్పిన మాటలు ఎలా పట్టాలని కొత్త కౌన్సెలర్లు అడుగుతారు. పెద్దవాళ్ల పదాలు వస్తాయి. ఎప్పుడు అడిగినా అదే వరసలో చెప్తారు. కొంచెం లోతుగా అడిగితే ఏ రోజు, ఎక్కడ, తర్వాత ఏమైంది అన్నవి ఉండవు. తలుపు వైపు చూస్తారు. అలాగని ప్రతి గట్టి మాటా నేర్పిందేనని కొట్టిపారేయకూడదు, నిజంగా భయపడే బిడ్డ కూడా తలుపు వైపు చూస్తుంది. అందుకే ఒక్కసారి కలిసి తేల్చను. తల్లి తీసుకొచ్చిన రోజు ఒకసారి, తండ్రి తీసుకొచ్చిన రోజు ఒకసారి కలుస్తాను. అవసరమైతే ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద పిల్లల మానసిక నిపుణుల సాయం అడగవచ్చు. జడ్జిగారు కూడా చాంబర్‌లో బిడ్డతో విడిగా మాట్లాడతారు. ఆ రోజు బిడ్డకు ఏం చెప్పాలో నూరిపోయకండి. “జడ్జి ఆంటీ నీతో మాట్లాడతారు, నీకు అనిపించింది చెప్పు, ఎవరం కోప్పడం” అంటే చాలు.

ఇష్టం చెప్పడానికి చట్టంలో ఇంత వయసని అంకె లేదు. పదేళ్ల పిల్ల చాలా స్పష్టంగా చెప్పగలదు, పద్నాలుగేళ్ల కుర్రాడు కొత్త ఫోన్ ఎవరు కొనిచ్చారన్నదాన్ని బట్టి చెప్పవచ్చు. ఏమన్నారన్నదానికంటే ఎందుకన్నారన్నది ముఖ్యం. ఇష్టం ఒక కారణమే, అదొక్కటే తీర్పు కాదు. ఈ సంగతి బిడ్డకు కూడా చెప్పండి. తేల్చేది పెద్దవాళ్లేనని తెలిస్తే దానికి ఊపిరాడుతుంది.

రెండో మనిషికి చోటిచ్చేది ఎవరు

ఇద్దరూ ప్రేమగా చూసుకునేవాళ్లే అయినప్పుడు నేను గట్టిగా పట్టిచూసేది ఇదే. బిడ్డ ముందు ఎదుటివారి గురించి ఎలా మాట్లాడతారు? ఫోన్ వస్తే బిడ్డకిస్తారా, స్పీకర్‌లో పెట్టి పక్కన నిలబడతారా? పుట్టినరోజుకు నాన్న పంపిన గౌను వేసుకోనిస్తారా? బిడ్డకు తల్లి ప్రేమా తండ్రి ప్రేమా రెండూ పొందే హక్కుందని సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో చెబుతూ, కస్టడీ దక్కనివారికి వచ్చి చూసే హక్కుతో పాటు రోజూ ఐదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే అవకాశం ఉండాలంది. వీడియో కాల్ ఇందుకు బాగా పనికొస్తుంది. బిడ్డ మనసును ఒకరి మీద విరిచేసేవాళ్ల గురించి 2017లో కూడా సుప్రీంకోర్టు గట్టిగానే మాట్లాడింది.

భద్రత సమస్య ఉన్న చోట ఈ కొలత పనికిరాదు. దెబ్బలు తిన్న తల్లి భయంతో బిడ్డను పంపనంటే దాన్ని పంతం కింద లెక్కగట్టడం అన్యాయం.

ఉన్నచోటు, అన్నదమ్ములు, వయసు

బిడ్డ కుదురుకున్న చోటు నుంచి కదిపే ముందు కదపక తప్పదా అని అడగండి. బడి, స్నేహితులు, ఆడుకునే వీధి, అన్నీ ఒక్కసారే మారితే పిల్లలు తట్టుకోలేరు. మార్చాల్సి వస్తే విద్యాసంవత్సరం మధ్యలో వద్దు, వేసవి సెలవులు దాకా ఆగండి. అక్కాతమ్ముళ్లను “నీకొకరు నాకొకరు” అని పంచుకోవద్దు. పెద్దమనుషుల పంచాయితీల్లో ఈ పంపకం ఇప్పటికీ జరుగుతోంది, విన్నప్పుడల్లా బాధేస్తుంది. విడిపోయిన ఇంట్లో ఆ పిల్లలకు మిగిలేది ఒకరికొకరు.

అయితే ఉన్నచోటు అన్న వాదనను వాడుకునేవాళ్లూ ఉంటారు. బడి దగ్గర నుంచి బిడ్డను ఎత్తుకుపోయి, వేరే ఊళ్లో చేర్చి, ఏడాది గడిచాక “ఇప్పుడిక్కడే అలవాటు పడింది” అంటారు. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుందో అక్కడి కోర్టులోనే కేసు వేయాలి కాబట్టి, అలా జరిగిన రోజే లాయరును కలవండి. నెలలు గడిచేకొద్దీ కష్టమవుతుంది.

వయసును బట్టి ఏర్పాటు మారుతుంది. ఏడాది లోపు పసిబిడ్డకు తండ్రి నెలకు రెండు రోజులు ఉంచుకోవడం కంటే వారంలో మూడు నాలుగు సార్లు గంటా రెండు గంటలు వచ్చి ఎత్తుకోవడం, స్నానం చేయించడం మేలు. ఆ వయసులో మొహం గుర్తుండాలంటే తరచుగా కనిపించాలి. ఐదారేళ్లకు శని ఆదివారాలు ఉండగలరు. టీనేజీ పిల్లల దగ్గర మాత్రం ట్యూషన్లు, ఆటలు, స్నేహితులు చూసుకుని వాళ్లతో కూర్చుని షెడ్యూల్ వేయాలి, లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

తేలినదాన్ని కాగితం మీద పెట్టండి

“వీలైనప్పుడు చూడవచ్చు” అని రాసుకున్న రాజీలు నెల తిరగకుండా గొడవలవుతాయి. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ అప్పగించాలో రాయండి. అప్పగింతకు పోలీస్ స్టేషన్ పెట్టుకోవద్దని బతిమాలి చెప్తాను. బడి గేటు మంచిది, ఒకరు దింపితే ఇంకొకరు తీసుకెళ్తారు, ఇద్దరూ ఎదురుపడాల్సిన పని ఉండదు. దసరా, సంక్రాంతి, క్రిస్మస్ సెలవులు ఎలా పంచుకోవాలి, వేసవిలో ఎన్ని రోజులు, పుట్టినరోజు ఎలా, ఫీజు ఎవరు ఏ తేదీకి కట్టాలి, ఆపరేషన్ లాంటిది వస్తే ఎవరి సంతకం, పాస్‌పోర్టు ఎవరి దగ్గర, రోజూ ఫోన్ ఏ టైములో, బిడ్డకు ఒంట్లో బాగాలేక వెళ్లలేకపోతే ఆ రోజు బదులు ఏ రోజు, ఇవన్నీ ఉండాలి. తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు బిడ్డను ఎప్పుడు చూస్తారో కూడా రాయండి, వాళ్లను మరిచిపోతుంటారు.

ఇలా ఇద్దరూ కలిసి పెంచే ఏర్పాటుకు చట్టంలో చోటు ఉండాలని లా కమిషన్ 2015లో ఇచ్చిన 257వ నివేదికలో సూచించింది. అది ఇంకా చట్టం కాలేదు. అయినా ఇద్దరూ ఒప్పుకుని జాయింట్ మెమో (ఇద్దరూ సంతకం చేసిన ఒప్పంద పత్రం) వేస్తే, బిడ్డ మేలుకు అడ్డం కాకపోతే, కోర్టు దాన్ని ఉత్తర్వులో చేరుస్తుంది. కస్టడీ ఉత్తర్వు శాశ్వతం కాదు. పరిస్థితులు మారితే మళ్లీ కోర్టుకు వెళ్లి మార్పు అడగవచ్చు. ఏడాదికోసారి, బడి తెరిచే ముందు, ఇద్దరూ కూర్చుని చూసుకుంటామని మెమోలోనే రాసుకుంటే ప్రతి చిన్నదానికీ పిటిషన్ వేయాల్సిన పని తప్పుతుంది.

కౌన్సెలింగ్‌కు మొదటిసారి వచ్చేటప్పుడు ఆ వారం నోట్‌బుక్, టీకాల కార్డు, గత రెండేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, డాక్టర్ చీటీలు, మీ డ్యూటీ టైములు రాసిన కాగితం తెచ్చుకోండి. మీరు ఇంట్లో లేనప్పుడు బిడ్డను చూసుకునేది ఎవరైతే వాళ్లను వెంటబెట్టుకు రండి, వాళ్లతోనూ మాట్లాడాలి. ఎదుటివారి వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు లాయరుగారికివ్వండి. బిడ్డను మాత్రం మొదటి రోజు తీసుకురావద్దు, ఎప్పుడు తీసుకురావాలో మేం చెప్తాం.